లేగోస్ నుంచి కానో దాకా: నైజీరియా వంటిళ్లు, పొయ్యి దగ్గర పిల్లలు

మొదటి రోజు: లేగోస్, మైల్ 12 బజారు

నైజీరియా వంట ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే లేగోస్‌లో హోటల్ వెతకక్కర్లేదు. తెల్లారేసరికి మైల్ 12 బజారులో ఉండాలి. ఉత్తరాది రాష్ట్రాల నుంచి రాత్రంతా ప్రయాణం చేసిన లారీలు టమాటా, మిరప, ఉల్లి బుట్టలు ఇక్కడ దించుతాయి. కొనేముందు మూడు మిరపల పేర్లు నోటికి రావాలి. టటాషె పెద్దది, ఎర్రది, కారం తక్కువ. షోంబో మన పండుమిరపలా పొడుగ్గా ఉంటుంది. అటా రోడో నొక్కినట్టు గుండ్రంగా, ఉసిరికాయంత ఉంటుంది. చూడటానికి బుజ్జిగా ఉన్నా గుంటూరు కారం తిన్న నాలుకను కూడా నిలబెట్టి అడుగుతుంది.

ఇంటి వంటలో సగం ఈ మిరపల ముద్దతోనే నడుస్తుంది. నలుగురికి ఆరు టటాషెలు, నాలుగు టమాటాలు, రెండు ఉల్లిపాయలు, రెండు రోడోలు కలిపి రుబ్బుతారు. తెలుగువాళ్లు మొదటిసారి చేసేటప్పుడు జరిగే పొరపాటు టమాటా ఎక్కువ వేయడం. అప్పుడది టమాటా అన్నం అవుతుంది, జొలోఫ్ అనే అక్కడి ఎర్ర మిరప అన్నం కాదు. ఆ రంగు, తీపి టటాషెవి. రుబ్బిన ముద్దను నూనె వేయకుండా అరగంటకు పైగా ఉడికించి నీరు ఇగిరిపోనివ్వాలి. వారానికి సరిపడా చేసుకుని డబ్బాల్లో పెట్టుకునే ఇళ్లు చాలా ఉన్నాయి.

జొలోఫ్‌కి కిలో పొడుగు ఉప్పుడు బియ్యం తీసుకుని, కడిగిన నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. బజారులో బియ్యం కొలిచేది డెరికాతో. ఒకప్పటి టమాటా పేస్టు డబ్బా పేరు అలా కొలతకు నిలిచిపోయింది. ఒక డెరికా బియ్యం సుమారు 900 గ్రాములు తూగుతుంది. మన తవ్వ, సోల లాగే ఇదీ చేతి అంచనా మీద నడిచే కొలతే. పావు లీటరు నూనెలో ఉల్లి ముక్కలు, తర్వాత 140 గ్రాముల టమాటా పేస్టు వేసి, పేస్టు రంగు ముదిరేదాకా ఐదారు నిమిషాలు వేయించాలి. ఇక్కడ తొందరపడితే అన్నం చివరిదాకా పుల్లగానే ఉంటుంది. తర్వాత మూడు గ్లాసుల మిరప ముద్ద పోసి నూనె పైకి తేలేదాకా ఇంకో పావుగంట మగ్గనివ్వాలి. రెండేసి చెంచాల కర్రీ పొడి, థైమ్ ఆకు, రెండు బిరియానీ ఆకులు, రెండు మూడు సీజనింగ్ క్యూబులు, మాంసం ఉడికించిన నీళ్లు వేశాక బియ్యం పోయాలి. ఎసరు బియ్యం మట్టానికి సరిపోవాలి. అంతకంటే పైకి వస్తే మెత్తబడిపోతుంది. గిన్నె మీద రేకు కాగితం బిగించి, దానిమీద మూతపెట్టి సన్న సెగ మీద అరగంట ఉంచాలి. ఆవిరి బయటికి పోతే పైవరస పలుకుగా మిగులుతుంది. అప్పుడు నీళ్లు పోస్తే అడుగు చిమిడిపోతుంది, పై వరస మాత్రం అలాగే ఉంటుంది.

పెళ్లిళ్లలో తినే జొలోఫ్‌కి ఉన్న పొగవాసన కట్టెల పొయ్యిది, అడుగంటిన మాడుది. పెరట్లోనో వీధి చివరో మూడు కాళ్ల ఇనప పొయ్యిల మీద పెద్ద గుండిగలు ఎక్కుతాయి. అక్కడ పిల్లలు కాలేది వంట జరుగుతున్నప్పుడు మాత్రమే కాదు, గుండిగ దింపిన తర్వాత కూడా. మంట లేదు కదా అని పెద్దలు వడ్డనకు వెళతారు. నివురుగప్పిన నిప్పు మీద చెప్పుల్లేని కాలు పడుతుంది. నివురు కింద నిప్పు గంటల తరబడి ఉంటుంది. అందుకే నీళ్లు చల్లి వదిలేయకూడదు. కర్రతో కెలుకుతూ, చుయ్‌మనే చప్పుడు పూర్తిగా ఆగేదాకా పోయాలి. ఆ పని ఫలానా మనిషిదని వంట మొదలుకాకముందే పేరు పెట్టి చెప్పాలి. ‘అందరం చూసుకుందాం’ అన్న చోట ఎవరూ చూడరు.

రోడో తరిగిన చేతులను నీళ్లతో కడిగితే మంట పోదు, ఆ కారం నీళ్లలో కరగదు. ముందు నూనె రుద్ది, తర్వాత సబ్బుతో రెండుసార్లు కడగాలి. ఆ తర్వాతే చంటిబిడ్డను ఎత్తుకోవాలి. పిల్లల కంట్లో కారం పడితే మాత్రం నూనె జోలికి పోకుండా శుభ్రమైన నీళ్లు పావుగంట ధారగా పోయాలి.

రెండో రోజు: లేగోస్, శనివారం పొద్దు

శనివారం పొద్దున లేగోస్ వీధులు నూనె వాసనతో నిద్ర లేస్తాయి. అది అకరా వాసన. దాంతోపాటు తాగేది మొక్కజొన్న జావ. యొరుబా భాషలో ఓగి, ఇగ్బో భాషలో అకాము, ఇంగ్లిష్‌లో పాప్.

అకరా మనకు కొత్త కాదు. బొబ్బర్లతో చేసే వడే, పప్పు కూడా అదే జాతి. తేడా పొట్టులో, గాలిలో ఉంది. అరకిలో బొబ్బర్లను పావుగంట నానబెట్టి, చేతులతో పిసికి, పొట్టు మొత్తం తేల్చి తీసేయాలి. ఇంకో గంట నానాక వీలైనంత తక్కువ నీళ్లతో మెత్తగా రుబ్బాలి. రోట్లో రోకలితో, లేదా చెక్క గరిటెతో ఒకే దిక్కుగా పది నిమిషాలు గిలకొట్టాలి. పిండి తెల్లబడి, ఉబ్బి, నీళ్లలో వేసిన చుక్క తేలితే సిద్ధమైనట్టు. ఉల్లి, రోడో తరుగు, ఉప్పు నూనెలో వేసే ముందే కలపాలి. ఉప్పు ముందుగా పడితే పిండి నీరు వదిలి గాలి పోతుంది, వడ బిళ్లలా చదునవుతుంది. నూనె కాగకపోతే వడ నూనె తాగేస్తుంది.

అదే పిండిలో మూడు టటాషెలు, ఒక ఉల్లి, అర కప్పు నూనె, సుమారు అరలీటరు గోరువెచ్చని మాంసపు నీళ్లు, ఎండురొయ్యల పొడి కలిపి ఆవిరి మీద ఉడికిస్తే మొయిన్ మొయిన్. ఎవె ఎరాన్ అనే వెడల్పాటి ఆకును దొన్నెలా మడిచి పోస్తారు. ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. చాలా ఇళ్లలో ఆకు బదులు పల్చటి ప్లాస్టిక్ సంచులు వచ్చాయి. ఆకు దొరికినచోట ఆకే వాడాలి, దొరక్కపోతే స్టీలు గిన్నె. మధ్యలో పెట్టే ఉడికించిన గుడ్డు పెద్దలకు సంబరం. మూడేళ్ల పిల్లకు మాత్రం ఆ గుడ్డు చిదిమి పెట్టాలి.

బొబ్బర్ల దగ్గరే ఒక పెద్ద విషయం ఉంది. పురుగు పట్టకుండా కొందరు వ్యాపారులు నిల్వలో డైక్లోర్‌వాస్ అనే పురుగుమందు చల్లుతారు. ఆ అవశేషాల వల్లే 2015లో ఐరోపా సమాఖ్య నైజీరియా ఎండు బొబ్బర్లను ఆపేసింది. ఇళ్లలో బొద్దింకలకు వాడే చిన్న సీసాల్లో దొరికేదీ ఆ మందే. అందుకే చిన్న సీసాల అమ్మకం మీద అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ నాఫ్‌డాక్ నిషేధం పెట్టింది. మన దేశంలో దీన్ని 2020 డిసెంబర్ 31తో ఆపేశారు. బొబ్బర్లలో ఒక్క పురుగైనా లేకుండా, ఘాటు వాసన వస్తుంటే కొనకూడదు. నానబెట్టిన నీళ్లు పారబోసి నాలుగైదుసార్లు కడగాలి. కడిగితే తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఇంటి నిల్వకు మందు అక్కర్లేని పద్ధతి గాలి చొరబడని మూడు పొరల సంచి. బాగా ఎండిన గింజ నింపి మూతి బిగిస్తే లోపల ఉన్న పురుగు ఊపిరాడక చస్తుంది.

ఇక జావ. పులిసిన మొక్కజొన్న ముద్దను గిన్నెలో కొంచెం చల్లనీళ్లతో జారుగా కలుపుతారు. కెటిల్‌లో సలసల మరిగే నీళ్లు పైనుంచి ధారగా పోస్తూ తిప్పితే ఒక్కసారిగా చిక్కబడుతుంది. నీళ్లు మరగకపోతే పచ్చిగా ఉండిపోయి అడుగున తెల్లగా కూర్చుంటుంది. అంటే ఈ వంట కుదరాలంటే మరిగే నీళ్లు గాల్లో ఎత్తాల్సిందే. ఆ సమయంలో బిడ్డ ఒళ్లో ఉండకూడదు. వీపున గుడ్డతో కట్టుకున్న బిడ్డ కాళ్లు పక్కలకు వేలాడుతుంటాయి. నూనె చిట్లినా నీళ్లు చిందినా ముందు అందేది ఆ కాళ్లకే. వేయించేటప్పుడు, జావ పోసేటప్పుడు బిడ్డను ఇంకొకరి వీపుకు మార్చడమే అక్కడి అమ్మమ్మలు చేసే పని.

కాలినప్పుడు ఓగి ముద్ద, పచ్చిగుడ్డు, పామాయిల్ పూసే అలవాటు అక్కడ బాగా ఉంది, మన ఇళ్లలో టూత్‌పేస్టు పూసినట్టే. ఏదీ పూయకూడదు. బట్ట, మొలతాడు, గాజులు తీసేసి 20 నిమిషాలు చల్లని నీళ్ల ధార కింద ఉంచాలి. కుళాయి రాకపోతే బకెట్‌లోంచి చెంబుతో పోస్తూనే ఉండాలి. ఐస్ వద్దు. తర్వాత శుభ్రమైన పల్చటి బట్ట కప్పి ఆసుపత్రికి వెళ్లాలి. అత్యవసర నంబరు దేశమంతా 112, లేగోస్‌లో 767 కూడా పనిచేస్తుంది.

ఇంకొక మాట కుండబద్దలు కొట్టినట్టు చెప్పాలి. తినని బిడ్డను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, అరచేతిలోంచి జావ గొంతులోకి పోసే పద్ధతి కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. ఉగ్గు పెట్టడంలో మనవాళ్లలోనూ కొందరు ఇలాగే చేస్తారు. ఆ జావ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతో, మింగాక మళ్లీ పెట్టాలి. ముఖం తిప్పుకుంటే ఆపేయాలి.

మూడో రోజు: అబియోకుటా

లేగోస్ మొబొలాజీ జాన్సన్ స్టేషన్ నుంచి ఇబాదాన్ రైలు పొద్దున బయల్దేరుతుంది. 2021లో మొదలైన ఈ 157 కిలోమీటర్ల దారి మధ్యలోనే అబియోకుటా. ఓలుమో బండ ఎక్కి దిగేసరికి ఆకలేస్తుంది. ఈ ఓగున్ రాష్ట్రంలో తినాల్సింది ఓఫాడా బియ్యం, దాంతో అయమాసె కూర. ఓఫాడా ముతక బియ్యం, పాలిష్ తక్కువ, ఉడికేటప్పుడు ఒక రకం పులిసిన వాసన వస్తుంది. ఆకులో పెట్టి వడ్డిస్తారు.

అయమాసె పచ్చి టటాషె, పచ్చి రోడోల కూర. దాన్ని అయమాసె చేసేది తెల్లబరిచిన పామాయిల్. వంటల పుస్తకాలు ఈ మెట్టును ఒక వాక్యంలో దాటేస్తాయి, కానీ నైజీరియా వంటింట్లో అన్నిటికన్నా ప్రమాదమైన పది నిమిషాలు ఇవే. అరలీటరు ఎర్ర పామాయిల్‌ను తడి లేని మందపాటి గిన్నెలో పోసి, బిగుతు మూత పెట్టి, మధ్యస్థం కంటే తక్కువ సెగ మీద పది నుంచి పదిహేను నిమిషాలు కాచాలి. ఎరుపు పోయి లేత బంగారు రంగుకు దిగుతుంది. ఈలోపు మూత తీయకూడదు. సెగ ఆపిన వెంటనే కూడా తీయకూడదు. లోపల నిండిన పొగకు ఒక్కసారిగా గాలి తగిలితే భగ్గుమని అంటుకోవచ్చు. కనీసం పది నిమిషాలు చల్లారాలి. తర్వాత ఉల్లి, ఇరు వేసి, దంచిన మిరప పోయాలి. ఇరు అంటే పులియబెట్టిన ఒక చెట్టు గింజ, వాసనలో మన ఎండుచేపలతో పోటీపడుతుంది. ఆ మిరపను ముందే ఉడికించి నీరంతా వడకట్టి ఉండాలి. తడి ముద్ద కాగిన నూనెలో పడితే గిన్నెలోంచి నూనె ఎగిరి బయట పడుతుంది.

పిడ్జిన్ అనే అక్కడి కలగలుపు ఇంగ్లిష్‌లో పిల్లను ‘పికిన్’ అంటారు, తప్పుకోమనడానికి ‘కమాట్’ అంటారు. అయమాసె వండే ఇంట్లో ఆ మాట కేకగా వినపడుతుంది. కేక కన్నా గడియ నయం. నూనె కాగుతున్నంతసేపు వంటింటి తలుపు లోపలి నుంచి గడియ, కిటికీలు బార్లా, పిల్లలు తలుపు బయట ఇంకొక పెద్దమనిషి దగ్గర. ‘జాగ్రత్తమ్మా’ అని నాలుగేళ్ల పిల్లకు చెప్పి పని సాగించడం బాధ్యతను ఆ పిల్ల నెత్తిన పెట్టడమే. నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు, గిన్నె ఎత్తుకుని పరిగెత్తకూడదు. సెగ ఆపి, మూత పక్కనుంచి జరిపి కప్పి, చల్లారేదాకా ముట్టకూడదు.

నాలుగో రోజు: ఇబాదాన్

రైలు చివరి స్టేషన్ మొనియా. ఇబాదాన్ అంటే అమాలా. ఎండిన పెండలం పిండిని ఎలుబో అంటారు, తెల్లటి పిండి వేడినీళ్లలో పడగానే గోధుమ నలుపుకు తిరుగుతుంది. లీటరు నీళ్లు మరిగించి, మంట తగ్గించి, పిండి గుమ్మరిస్తూ ఓమొరోగున్ అనే చెక్క తెడ్డుతో మన రాగిసంకటి తిప్పినట్టే తిప్పాలి. ఉండలు కట్టేది పిండి కొంచెం కొంచెంగా వేయడం వల్ల. తిప్పడం వచ్చిన చేయి పిండిని ఒకేసారి వేస్తుంది. తర్వాత చారెడు వేడినీళ్లు చిలకరించి రెండు నిమిషాలు మగ్గనిచ్చి మళ్లీ తిప్పాలి.

సంకటి గెలకడానికి బలం కావాలి కాబట్టి గిన్నెను నేల మీదికి దించి, పాదాలతో పట్టుకుని తిప్పుతారు. నేలమీద గిన్నె అంటే పాకే బిడ్డ ఎత్తులో గిన్నె. అమాలా చర్మానికి అతుక్కుంటుంది, నీళ్లలా జారిపోదు, అందుకే కాలిన గాయం లోతుగా ఉంటుంది. గోడ మూలన కూర్చుని, గిన్నెను మూలకు, వీపును గదికి పెట్టుకుంటే బిడ్డ గిన్నెను చేరాలంటే మనిషిని దాటాలి. అమాలాతో కలుపుకునే ఎవెడు జనపనార జాతి మొక్క ఆకు, చీపురు పుల్లల కట్టలాంటి ఇజాబెతో గిన్నెలోనే కొట్టి జిగురు తెస్తారు. పక్కన గ్బెగిరి, పొట్టు తీసిన బొబ్బర్ల పప్పు. రెండూ కలిపి పోస్తే అబులా.

1967లో నెలకొన్న అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ పరిశోధన సంస్థ ఈ ఊళ్లోనే ఉంది. కర్రపెండలం గురించి ఇక్కడే మాట్లాడుకోవాలి. సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యంగా మారే దుంపే నైజీరియాలో గారీ, ఫూఫూ, లఫూన్ అవుతుంది. చేదు రకాల్లో సయనైడ్‌ను విడుదల చేసే పదార్థం ఉంటుంది, తొక్కలో ఇంకా ఎక్కువ. చెక్కు తీసి, తురిమి, సంచిలో కట్టి, బరువు పెట్టి రెండు మూడు రోజులు పులియబెట్టి, జల్లించి, వేయిస్తేనే గారీ. తురమడంతో దుంపలోని ఎంజైము ఆ పదార్థాన్ని విడగొడుతుంది. పిండిన నీళ్లతో, వేయించిన వేడితో విషం పోతుంది. ధర పెరిగినప్పుడు పులియబెట్టే రోజుల్ని ఒకటికి కుదిస్తారు, అక్కడే తేడా వస్తుంది. తురిమేచోట ఆడుకునే పిల్లలు పచ్చి దుంప కొరకకుండా చూడాలి. పిండిన నీళ్లు మేకలు తాగే గుంటల్లో, పిల్లలు ఆడే చోట పారకూడదు.

రాత్రి కరెంటు పోతుంది. ‘లైట్’ పోగానే జనరేటర్లు మోగుతాయి. వానకు తడుస్తుందని, దొంగ ఎత్తుకుపోతాడని చిన్న జనరేటర్‌ను వరండాలోనో వంటింట్లోనో పెట్టడం వల్ల నిద్రలోనే కుటుంబాలు పోయిన సంఘటనలు ఆ దేశంలో పదేపదే జరిగాయి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. కిటికీ తెరిచినా చాలదు. జనరేటర్ ఇంటికి దూరంగా, పొగగొట్టం కిటికీలకు ఎదురుగా కాకుండా ఆరుబయటే ఉండాలి. బొగ్గుల కుంపటిదీ ఇదే లెక్క. హర్మతాన్ అనే పొడి ఎడారి గాలి వీచే చలిలో కుంపటిని పడకగదిలోకి తీసుకెళ్లకూడదు.

ఐదో రోజు: ఎనూగు

లేగోస్‌కు వెనక్కి వచ్చి విమానంలో ఎనూగు. బొగ్గు గనుల ఊరు, ఇగ్బో నేల. రోడ్డు మీద ‘ఓక్పా ది ఓకు’ అని కేకలు వినపడతాయి, అంటే వేడివేడి ఓక్పా. నైన్త్ మైల్ కూడలి దీనికి పేరుమోసిన చోటు. వేరుశనగలాగే నేలలో కాసే బంబారా గింజ పిండి రెండు కప్పులకు నాలుగు కప్పుల గోరువెచ్చని నీళ్లు, పచ్చిది కాకుండా కొంచెం కరిగించిన పామాయిల్ పావు కప్పు, కారం, ఉప్పు కలిపి అరటాకు పొట్లాల్లో గంటసేపు ఉడికిస్తారు. నీళ్లు మరిగాకే పొట్లాలు వేయాలి, లేకపోతే పిండి అడుక్కి దిగి పైన నీళ్లు తేలతాయి. పొట్లం విప్పినప్పుడు ఆవిరి ముఖానికి కొడుతుంది కాబట్టి పెద్దలు విప్పి, విరిచి, చల్లార్చి ఇవ్వాలి. బయట చల్లగా తగిలినా మధ్యలో చాలాసేపు కాలుతూనే ఉంటుంది.

చేదాకు కూర ఓఫె ఓనుగ్బుకి చిక్కదనం చేమదుంప ముద్దతో వస్తుంది. ఆకును నీళ్లు మార్చి మార్చి పిసికితేగాని చేదు దిగదు.

ఇక్కడ చెప్పాల్సింది సీసాల సంగతి. కిరోసిన్ స్టవ్ ఇంకా చాలా ఇళ్లలో ఉంది. కిరోసిన్ కొనేది, దాచేది కూల్‌డ్రింక్, మంచినీళ్ల సీసాల్లో. ఇంట్లో సబ్బు చేసేవాళ్ల దగ్గర కాస్టిక్ సోడా కూడా అలాంటి సీసాల్లోనే ఉంటుంది. దాహమైన పిల్లకు సీసా అంటే నీళ్లే. కిరోసిన్ కడుపులోకి పోవడం కంటే ఊపిరితిత్తుల్లోకి పోవడం ప్రమాదం. అందుకే వాంతి చేయించకూడదు. నైజీరియాలో విషానికి విరుగుడని పామాయిల్ తాగించే అలవాటు బలంగా ఉంది. అది వాంతి తెప్పించి కిరోసిన్‌ను ఊపిరితిత్తుల్లోకి పంపుతుంది. కాస్టిక్ సోడా గొంతును వెళ్లేటప్పుడు కాలుస్తుంది, వాంతితో మళ్లీ కాలుస్తుంది. బతికిన పిల్లల అన్ననాళం మూసుకుపోయి ఏళ్లతరబడి ఆసుపత్రుల చుట్టూ తిరిగే కేసులు అక్కడి డాక్టర్లకు కొత్త కాదు. నోరు తుడిచి, తడిసిన బట్టలు మార్చి, సీసాతో సహా ఆసుపత్రికి పరిగెత్తాలి. అసలు పని ముందే ఉంది: తాగే వస్తువుల సీసాలో తాగకూడనిది పోయకూడదు, ఒక్క రోజుకైనా.

కిరోసిన్‌లో పెట్రోలు కల్తీ అయితే స్టవ్ పేలుతుంది. వెలుగుతున్న స్టవ్‌లో, వేడి లాంతరులో నూనె నింపకూడదు. గ్యాస్‌కు మారిన ఇళ్లలో 12.5 కిలోల సిలిండర్, చిన్న సంసారాల్లో పైనే బర్నర్ బిగించిన 5, 6 కిలోల సిలిండర్ ఉంటుంది. ఈ చిన్నది నేలమీద నిలబడుతుంది, పైన గిన్నె పెడితే బరువంతా పైనే. పసివాడు పట్టుకుని లేచాడంటే గిన్నె వాడి మీదికే. దాన్ని గోడ మూలన ఇటుకల అడ్డు మధ్య పెట్టాలి. నింపించి తెచ్చిన ప్రతిసారీ సబ్బు నురగ పూసి బుడగలు చూడాలి.

ఆరో రోజు: రోడ్డు

ఎనూగు నుంచి కలబార్ దాకా రోజంతా రోడ్డే. పగటిపూటే ప్రయాణం. దారిలో అక్వా ఇబోమ్ రాష్ట్రం వస్తుంది. పిల్లలను మంత్రగత్తెలని ముద్రవేసి వెళ్లగొట్టే ఘోరం ఇక్కడ ఎక్కువై, 2008లో రాష్ట్రం బాలల హక్కుల చట్టం తెచ్చి అలా ముద్ర వేయడాన్నే నేరం చేసింది. దేశపు బాలల హక్కుల చట్టం 2003 నాటిది. ఇంట్లో జబ్బుకో నష్టానికో పసివాళ్లను బాధ్యుల్ని చేసిన పెద్దల తప్పిదం అది.

ఏడో రోజు: కలబార్

నగరం నడిబొడ్డున కవల పిల్లల్ని ఎత్తుకున్న మేరీ స్లెసర్ విగ్రహం ఉంది. 1876లో వచ్చి, కవలల్ని చంపే ఆచారాన్ని ఎదిరించి, 1915లో ఈ ప్రాంతంలోనే కన్నుమూసిన స్కాట్లండ్ క్రైస్తవ మిషనరీ.

వాట్ మార్కెట్‌లో ఆకుకూరలు చూస్తే తెలుగువాళ్ల ప్రాణం లేచి వస్తుంది. ఎడికాంగ్ ఇకాంగ్ కూరకి రెండే ఆకులు: ఉగు అనే గుమ్మడి జాతి ఆకు, వాటర్‌లీఫ్ అనే నీరాకు. కిలో ఉగుకు అరకిలోకు పైగా నీరాకు, పావు లీటరు పామాయిల్, మాంసం, ఎండుచేప, ఎండురొయ్యల పొడి. నీళ్లు ఒక్క చుక్క పోయకూడదు. నీరాకు ముందు వేస్తే అదే నీరు వదులుతుంది. ఆ నీరు సగం ఇగిరాక సన్నగా తరిగిన ఉగు వేసి నాలుగు నిమిషాల్లో దించాలి. ఎక్కువసేపు ఉంచితే ఆకు నల్లబడి రుచి చచ్చిపోతుంది.

ఇందులో వేసే నత్తల్లాంటి పెరివింకిళ్లను గుల్లతోనే వండి, తోక తెంపిన చోట నోరు పెట్టి జుర్రుతారు. చిన్నపిల్లలకు గుల్లలోంచి తీసి, తరిగి పెట్టాలి. గొంతులో అడ్డుపడి దగ్గలేకపోతుంటే, ఏడాది లోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి పెట్టి భుజాల మధ్య ఐదు చరుపులు, తర్వాత వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్యలో రెండు వేళ్లతో ఐదు నొక్కులు. ఏడాది దాటితే ఐదు చరుపులు, తర్వాత వెనకనుంచి పట్టుకుని బొడ్డు పైన లోపలికి, పైకి ఐదు నొక్కులు. కనపడని ముక్క కోసం వేలు పెట్టి కెలకకూడదు, ఇంకా లోపలికి పోతుంది.

ఎక్పాంగ్ న్కుక్వో ఓపికైనవాళ్ల వంట. చేమదుంప, నీటి పెండలం తురిమిన ముద్దను లేత చేమాకుల్లో వేలంత చుట్టలుగా చుట్టి, పామాయిల్ రాసిన గిన్నెలో పేర్చి, వేడినీళ్లు పోసి నలభై నిమిషాలు ఉడికించాలి. మొదటి సగం సమయం గరిటె పెట్టకూడదు, పెడితే చుట్టలు విడిపోయి జావవుతుంది. చుట్టడానికి పిల్లల్ని కూర్చోబెడతారు, చేతులు ఎక్కువ కావాలి మరి. చేమ దురద మనకు తెలిసిందే. పిల్లల చేతులకు ముందు పామాయిల్ పట్టించాలి, పచ్చి ముద్ద నాకకుండా చూడాలి. నాలుక, పెదాలు వాస్తాయి. ఏడెనిమిదేళ్ల పిల్లకు ఇది మంచి పని: కత్తి లేదు, నిప్పు లేదు, పక్కనే పెద్దలున్నారు.

ఎనిమిదో రోజు: అబుజా మీదుగా కానో. విమానాలు మారడంతోనే పొద్దుపోయింది.

తొమ్మిదో రోజు: కానో

15వ శతాబ్దం నాటి కుర్మీ బజారులో ఉత్తరాది హౌసా ప్రజల వంట సరుకంతా పొడుల రూపంలో ఉంటుంది. బావోబాబ్ ఆకు పొడి కుకా. దాంతో చేసే మియాన్ కుకాలో పొడిని చివర్లో, పైనుంచి జల్లుతూ గిలకొట్టాలి, ముందేస్తే ఉండలు కడుతుంది. ఇక్కడ గోంగూర కూడా ఉంది! ఆకును యాకువా అంటారు, పులుసు కూర చేస్తారు. ఎర్రటి పూల తొడిమలు ఎండబెట్టి అల్లం, లవంగం వేసి మరిగిస్తే జోబో పానీయం. ఒకే మొక్క, రెండు ఖండాల్లో పులుపు. పులిసిన బియ్యప్పిండిని గుంతల పెనం మీద పోసి మాసా చేస్తారు, చూడగానే గుంత పొంగనాలే.

పసిపిల్లల ఆహారానికి ఉత్తర నైజీరియాలో ఒక లెక్క ఉంది. పేరు టామ్ బ్రౌన్. సజ్జ, జొన్న లేదా మొక్కజొన్న ఆరు పాళ్లు, సోయా మూడు పాళ్లు, వేరుశనగ ఒక పాలు. వేర్వేరుగా వేయించాలి, ఒక్కో గింజ వేగే సమయం వేరు. సోయా పచ్చివాసన పూర్తిగా పోవాలి, లేకపోతే అందులోని మాంసకృత్తులు బిడ్డకు వంటబట్టవు. పొట్టు తీసి, పొడికొట్టి, తడిలేని డబ్బాలో పెట్టి, ఆరు నెలలు నిండిన బిడ్డకు జావగా కాచి ఇవ్వాలి. వేరుశనగలో ముడుచుకున్నవి, రంగు మారినవి, బూజు పట్టినవి ఏరి పారేయాలి. వాటిలోని అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం వేయించినా పూర్తిగా పోదు. మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌కు కానోలోనూ కేంద్రం ఉంది, వేరుశనగ, జొన్న, సజ్జల మీదే పని. వేరుశనగ పొడిగానో మెత్తటి ముద్దగానో ఇవ్వాలి. ఐదేళ్ల లోపు పిల్లల చేతికి గింజలు ఇవ్వకూడదు.

పిండి మర గురించి చెప్పకుండా ఈ ప్రాంతం దాటలేం. 2010లో పశ్చిమాన ఉన్న జాంఫారా రాష్ట్రంలో 400 మందికి పైగా పిల్లలు సీసం విషంతో చనిపోయారు. బంగారం కోసం తవ్వి తెచ్చిన రాయిలో సీసం ఉంది. ఆ రాయిని ఇళ్ల ఆవరణల్లో, పిండి ఆడే మరల్లోనే పొడి చేశారు. దుమ్ము నేలమీద, గిన్నెల మీద, పాకే పిల్లల చేతుల మీద పడింది. సీసం వండితే పోదు, వేయిస్తే పోదు. ఆ ఊళ్లలో పైమట్టి తవ్వి తీసేశాకే పిల్లలకు వైద్యం పనిచేసింది, మట్టి అలాగే ఉంటే మందు ఇచ్చిన పిల్ల మళ్లీ అదే నేలమీద పాకుతుంది. గనిలో పనిచేసినవాళ్లు బయటే స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఇంట్లోకి రావడం, రాయిని ఊరికి దూరంగా, తడిపి పొడి చేయడం తర్వాత అక్కడ నేర్పిన మొదటి పాఠాలు.

సాయంత్రం సూయా పొగ ఊరంతా కమ్ముతుంది. పల్చగా కోసిన మాంసానికి పట్టించే యాజీ పొడిలో అల్లం, మిరప, మిరియాల జాతి గింజలు, నూనె తీసిన వేరుశనగ చెక్క కులికులి ఉంటాయి. తిరుగు ప్రయాణంలో పెట్టెలో పెట్టుకోవడానికి యాజీ, కుకా పొడి, ఎలుబో, జోబో తొడిమలు బాగుంటాయి, బాగా ఎండినవే తీసుకోవాలి. యాజీ డబ్బా మీద మాత్రం ‘ఇందులో వేరుశనగ ఉంది’ అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అంటించాలి. చూడటానికి అది ఉత్త కారప్పొడే, వేరుశనగ పడని పిల్ల ఏ ఇంట్లో ఉందో మనకు తెలియదు.